యూపీఐ, ఐఎంపీఎస్, నెఫ్ట్, ఆర్టీజీఎస్: ఏ డబ్బుకు ఏ దారి

బ్యాంకు యాప్‌లో డబ్బు పంపే పేజీ తెరిస్తే మూడు నాలుగు పేర్లు కనిపిస్తాయి. చాలామంది పైన ఏది ఉంటే అది నొక్కేస్తారు. రెండు వేలు పంపేటప్పుడు ఏది నొక్కినా ఒకటే. ప్లాటు రిజిస్ట్రేషన్‌కు ఇరవై లక్షలు కట్టాల్సిన రోజున, అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్సు కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం తేడా తెలిసొస్తుంది.

ఏది వేగంగా వెళ్తుంది అని అడగడం పాత అలవాటు. నెఫ్ట్ అంటే రేపో ఎల్లుండో, ఆదివారం అసలు లేదు అనుకునే రోజులు పోయాయి. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి సెలవులతో సంబంధం లేకుండా రాత్రీపగలూ నడుస్తున్నాయి. ఐఎంపీఎస్, యూపీఐ పుట్టినప్పటి నుంచే అలా ఉన్నాయి. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరు. మొత్తం ఎంత? అవతలి వాళ్లకు ఏ గంటకల్లా అందాలి? మధ్యలో ఆగితే ఆ డబ్బు ఎక్కడ ఆగుతుంది, ఎప్పటికి తేలుతుంది? మొదటి రెండూ అందరూ చూసుకుంటారు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. తలనొప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

లోపల ఏం జరుగుతుంది

ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు వెళ్లడమంటే నిజానికి మూడు పనులు. మీ ఖాతాలో తగ్గాలి. అవతలి ఖాతాలో పెరగాలి. ఆ రెండు బ్యాంకుల మధ్య లెక్క తేలాలి. ఈ మూడోది రిజర్వ్ బ్యాంకు దగ్గర ఆ బ్యాంకులకున్న ఖాతాల్లో జరుగుతుంది. మూడింటిలో ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టే నాలుగు పద్ధతులూ వేరయ్యాయి.

ఆర్టీజీఎస్‌లో ప్రతి లావాదేవీకీ విడిగా, అప్పటికప్పుడే బ్యాంకుల మధ్య లెక్క తేలుతుంది. మీ బ్యాంకు ఖాతాలోంచి ఆర్‌బీఐ తీసి అవతలి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఆ సందేశం అందిన 30 నిమిషాల్లోపు అవతలి బ్యాంకు తన కస్టమర్ ఖాతాలో జమ చేయాలి. లెక్క తేలిపోయాకే జమ కాబట్టి వెనక్కి లాగే అవకాశం దాదాపు ఉండదు.

నెఫ్ట్‌లో అరగంటకో విడత, రోజుకు 48. ఆ అరగంటలో వచ్చిన ఆర్డర్లన్నీ కలిపి, ఏ బ్యాంకు ఏ బ్యాంకుకు నికరంగా ఎంత ఇవ్వాలో ఒక్కసారే తేలుస్తారు. తర్వాత రెండు గంటల్లో అవతలి బ్యాంకు జమ చేయాలి, లేదంటే వెనక్కి పంపాలి. మీరు 10:05కు పంపితే 10:30 విడతలో వెళ్తుంది. మామూలుగా 11 గంటలలోపే అందుతుంది. నిబంధన ప్రకారం 12:30 దాకా ఆగాలి.

ఐఎంపీఎస్, యూపీఐల్లో వరుస తలకిందులు. అవతలి కస్టమర్‌కు ముందు జమ, బ్యాంకుల మధ్య లెక్క తర్వాత. ఈ రెండు వ్యవస్థలనూ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ మధ్యలో ఉండి రెండు బ్యాంకులకూ సందేశాలు చేరవేస్తుంది. మీ బ్యాంకు తగ్గించానంటుంది, అవతలి బ్యాంకు వేశానంటుంది. రోజులో కొన్ని విడతలుగా ఆ మొత్తాలను ఆర్‌బీఐ దగ్గర సర్దుతారు. సెకన్లలో జమ పడేది అందుకే. మీ ఖాతాలో తగ్గి, అవతలి బ్యాంకు నుంచి జవాబు రాకుండా ఉండిపోయే ఆ ‘పెండింగ్’ తంతు కూడా అందుకే. ఆ క్షణంలో డబ్బు వెళ్లిందో లేదో మీ బ్యాంకుకు కూడా తెలియదు.

యూపీఐ: లక్ష లోపు, తెలిసినవాళ్లకు

2016 ఏప్రిల్‌లో వచ్చిన యూపీఐ, ఐఎంపీఎస్ పునాది మీదే కట్టినది. ఖాతా నంబరు, బ్రాంచిని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అక్కర్లేకుండా ఫోన్ నంబరుతోనో క్యూఆర్‌తోనో పని అయిపోవడం దీని గొప్ప. వ్యక్తులకు పంపడానికి పరిమితి ₹1 లక్ష. రోజుకు ఇన్ని లావాదేవీలే అన్న లెక్క కూడా ఉంటుంది, చాలా బ్యాంకుల్లో అది 20. మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టుకోవచ్చు. కొత్త ఫోనులో యూపీఐ పెట్టుకుంటే మొదటి 24 గంటలు ₹5,000 దగ్గరే ఆపేయడం మామూలు. ఫోను మార్చిన రోజే అద్దె కట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఆస్పత్రి, కాలేజీ ఫీజు, ఆదాయపు పన్ను లాంటి చెల్లింపులకు ₹5 లక్షల దాకా వీలుంది. బీమా, లోన్ ఈఎంఐలకు కూడా 2025 సెప్టెంబరు 15 నుంచి ఆ గీత అంతదాకా జరిగింది. అయితే అవతల ఉన్నది ఆ వర్గంలో నమోదైన, ధ్రువీకరించిన వ్యాపార ఖాతా అయి ఉండాలి. చిన్న నర్సింగ్ హోమ్ డాక్టరుగారి సొంత నంబరుకు పంపమంటే అది వ్యక్తి ఖాతా కిందే లెక్క, లక్ష దాటదు. కౌంటర్‌లో నిలబడ్డాక ‘లిమిట్ ఎక్సీడెడ్’ అని వస్తే కారణం చాలాసార్లు ఇదే. అప్పుడు అదే యాప్‌తో కుస్తీ పట్టకుండా బ్యాంకు యాప్ తెరిచి ఐఎంపీఎస్ చేయండి.

పిన్ కొట్టేముందు తెర మీద కనిపించే పేరు బ్యాంకు రికార్డుల్లోని పేరే. మీ ఫోన్‌బుక్‌లో ‘పాలబ్బాయి’ అని రాసుకుంటే ఆ పేరు కాదు. ఒక్క సెకను ఆగి చదవండి. పొరపాటు పట్టుబడే చివరి చోటు అదే. ఇంకో మాట: డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఓఎల్‌ఎక్స్‌లో సోఫా కొంటానని చెప్పి క్యూఆర్ పంపి ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు పడుతుంది’ అన్నవాడు మీ డబ్బు కొట్టేయడానికే వచ్చాడు. వ్యక్తుల మధ్య ‘కలెక్ట్ రిక్వెస్ట్’, అంటే నాకింత పంపండని యాప్‌లోనే అడిగే సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది, మోసాలు పెరిగినందుకే.

టీకొట్టు, కూరగాయల బండి చెల్లింపులతో పాస్‌బుక్ నిండిపోతుంటే యూపీఐ లైట్ పెట్టుకోండి. ఒకసారి ₹5,000 దాకా అందులో వేసుకుని, ఒక్కోసారి ₹1,000 వరకు పిన్ లేకుండా కట్టేయొచ్చు. స్టేట్‌మెంట్‌లో అందులోకి వేసుకున్న మొత్తం మాత్రమే కనిపిస్తుంది. వీసాకో లోన్‌కో ఆరు నెలల స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన వాళ్లకు ఇది చిన్న మేలేమీ కాదు.

ఐఎంపీఎస్: లక్ష దాటింది, వెంటనే అందాలి

2010 నవంబరులో మొదలైన ఐఎంపీఎస్‌ను యూపీఐ వచ్చాక అందరూ మరిచిపోయారు. లక్షకూ ఐదు లక్షలకూ మధ్య, వెంటనే చేరాలంటే ఇప్పటికీ దీన్ని మించింది లేదు. పరిమితి 2021 అక్టోబరులో ₹2 లక్షల నుంచి ₹5 లక్షలకు పెరిగింది. ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇచ్చి పంపడమే ఎక్కువగా నడుస్తుంది. మొబైల్ నంబరుతో పాటు ఏడంకెల ఎంఎంఐడీ వాడే పద్ధతి ఉంది కానీ, ఆ అంకె ఎవరికి గుర్తుంటుంది?

ఛార్జీ బ్యాంకును బట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల మొత్తాన్ని బట్టి ఐదో పదిహేనో రూపాయలు, పైన జీఎస్టీ. ‘కన్‌ఫర్మ్’ నొక్కేముందు తెర మీదే చూపిస్తుంది.

దీని అసలు ఉపయోగం ఇంకొకటి ఉంది. పెద్ద మొత్తం పంపేముందు కొత్త ఖాతాకు ఒక్క రూపాయి ఐఎంపీఎస్ చేయండి. చాలా బ్యాంకుల్లో ఆ లావాదేవీ వివరాల్లో అవతలి ఖాతాదారు పేరు తిరిగి వస్తుంది. రాకపోయినా, రూపాయి పడిందా అని ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఆర్టీజీఎస్‌లో ఇలా రుచి చూడ్డానికి లేదు, అక్కడ మొదలే రెండు లక్షలు.

నెఫ్ట్: తొందర లేనప్పుడు

నెఫ్ట్‌కు కింది గీత లేదు, ఆర్‌బీఐ పెట్టిన పై గీతా లేదు. రూపాయీ పంపొచ్చు, కోటీ పంపొచ్చు. మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌కు పెట్టిన రోజువారీ పరిమితే అడ్డం. సేవింగ్స్ ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో చేస్తే 2020 జనవరి 1 నుంచి ఛార్జీ లేదు. బ్రాంచికి వెళ్లి చేస్తే ₹10,000 దాకా ₹2.50, లక్ష దాకా ₹5, రెండు లక్షల దాకా ₹15, ఆ పైన ₹25. ఇవి గరిష్ఠాలు, జీఎస్టీ అదనం. అసలు ఖాతాయే లేనివాళ్లు కూడా బ్రాంచిలో నగదు కట్టి ₹50,000 దాకా నెఫ్ట్ చేయించుకోవచ్చు. ఊళ్లో చదువుకునే పిల్లలకు డబ్బు పంపే వలస కూలీలకు ఈ సంగతి చాలామందికి తెలియదు.

క్రెడిట్ కార్డు బిల్లు, లోన్ ఖాతాకు ముందస్తు చెల్లింపు, సరుకు సరఫరాదారుల బిల్లులు, జీతాలు, ఇవన్నీ నెఫ్ట్ పనులు. కారణం సరళం: ఇందులో అనిశ్చితి తక్కువ. విడతలో వెళ్తుంది, జమ అవుతుంది, కాకపోతే తిరిగొస్తుంది. మధ్యలో గాల్లో వేలాడటం అరుదు. గడువు దాటినా జమ చేయకుండా, వెనక్కీ పంపకుండా ఉంచుకున్న బ్యాంకు రెపో రేటుకు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) రెండు శాతం కలిపి ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలి. అడగకుండానే ఇవ్వాలన్నది నిబంధన. అడిగితే త్వరగా ఇస్తారన్నది లోకరీతి.

గడువు రోజు సాయంత్రం క్రెడిట్ కార్డు బిల్లుకు నెఫ్ట్ చేయడం మాత్రం వద్దు. మీ డబ్బు రెండు గంటల్లో కార్డు బ్యాంకుకు చేరినా, కార్డు ఖాతాలో అది ఏ తేదీన పడిందో ఆ బ్యాంకు వ్యవస్థ చూసుకుంటుంది. రెండు రోజుల ముందే పంపేయండి.

ఆర్టీజీఎస్: ప్లాటు డబ్బు

కనీసం ₹2 లక్షలు, పై పరిమితి లేదు. ఆన్‌లైన్‌లో చాలా బ్యాంకులు ఉచితంగానే చేస్తాయి. బ్రాంచిలో రెండు నుంచి ఐదు లక్షల దాకా గరిష్ఠంగా ₹24.50, ఆ పైన ఎంతైనా ₹49.50, జీఎస్టీ అదనం. యాభై లక్షలు పంపినా ఆ నలభై తొమ్మిదిన్నరే. కమీషన్ శాతంలో ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర జరిగే రగడ చూసినవాళ్లకు తెలుసు. అమ్మేవాళ్లు డబ్బు ఖాతాలో పడితే కానీ సంతకం పెట్టరు. కొనేవాళ్లు సంతకం అయితే కానీ డబ్బు పంపరు. అందుకే ఇన్నేళ్లూ డీడీ నడిచింది: చేతిలో కనిపిస్తుంది, సంతకం అయ్యాక ఇవ్వొచ్చు. డీడీతో చిక్కేమిటంటే అది కూడా క్లియరింగ్‌కు వెళ్లాలి, నకిలీ డీడీల భయం ఒకటి. ఇరుపక్షాలకూ ఒకరి మీద ఒకరికి కొంచెమైనా నమ్మకముంటే మా సలహా ఆర్టీజీఎస్‌కే. ఆ నమ్మకం బొత్తిగా లేకపోతే, అమ్మేవాళ్ల ఎదుటే మీ బ్యాంకు బ్రాంచిలో తీయించిన డీడీ మేలు.

ఆర్టీజీఎస్ అనుకుంటే రెండు రోజుల ముందు నుంచి పని మొదలుపెట్టాలి. నెట్ బ్యాంకింగ్‌లో అమ్మేవాళ్ల ఖాతాను బెనిఫిషియరీగా చేర్చండి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి 24 గంటలు తక్కువ మొత్తమే పంపనిచ్చే బ్యాంకులు ఎక్కువ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చుని చేర్చుకుందామంటే కుదరదు. ఒక రూపాయి పంపి పేరు చూసుకోండి. తర్వాత మీ రోజువారీ ఆన్‌లైన్ పరిమితి ఎంతో చూడండి. కట్టాల్సింది దాన్ని మించితే పరిమితి పెంచుకోవాలి, లేదా బ్రాంచికి వెళ్లాలి.

బ్రాంచి దారిలో ఒక చిక్కుంది. ఆర్టీజీఎస్ 24 గంటలూ నడుస్తుంది, బ్రాంచి నడవదు. ఫారం నింపి, చెక్కు మీద ‘యువర్‌సెల్ఫ్ ఫర్ ఆర్టీజీఎస్’ అని రాసి, రెండింటి మీదా ఒకే సంతకం పెట్టి ఇస్తారు కదా. కౌంటర్‌లోని క్లర్కు వివరాలు ఎక్కించాక ఇంకో అధికారి తన లాగిన్‌లో సరిచూసి ఆమోదించాలి. ఆ అధికారి భోజనానికి వెళ్లినా, లోన్ మీటింగ్‌లో ఉన్నా మీ ఇరవై లక్షలు కంప్యూటర్లో అలాగే కూర్చుంటాయి. ఖాతాలో తగ్గినట్టు మెసేజ్ వచ్చేదాకా కౌంటర్ వదలకండి. పదకొండు గంటలకే వెళ్లండి. మధ్యాహ్నం మూడు దాటాక పెద్ద మొత్తాలు తీసుకోవడానికి చాలా బ్రాంచీలు మొగ్గు చూపవు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవని ముహూర్తం పెట్టినాయనకు కూడా చెప్పండి.

ఆ తర్వాత ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఆర్టీజీఎస్ యూటీఆర్ 22 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. మొదటి నాలుగు పంపిన బ్యాంకు కోడు, ఐదోది ఆర్, ఆరోది ఏ మార్గంలో పంపారో చెప్పే గుర్తు, ఆ తర్వాత ఎనిమిది అంకెలు సంవత్సరం, నెల, తేదీ, చివరి ఎనిమిది వరుస సంఖ్య. నెఫ్ట్ యూటీఆర్ 16 మాత్రమే. కాబట్టి ‘ఆర్టీజీఎస్ కొట్టేశాం’ అని ఎవరైనా పదహారక్షరాల నంబరు చూపిస్తే అది నెఫ్ట్ అని తెలిసిపోతుంది. సేల్ డీడ్‌లో డబ్బు ఎలా ముట్టిందో రాసేటప్పుడు ఈ నంబరు, తేదీ, బ్యాంకు పేరు తప్పుల్లేకుండా ఎక్కించండి.

మీరు అమ్మేవాళ్లయితే యూటీఆర్‌ను, స్క్రీన్‌షాట్‌ను, ఆఖరికి ఎస్‌ఎంఎస్‌ను కూడా నమ్మకండి. యూటీఆర్ పుట్టిందంటే పంపే బ్యాంకు పంపిందనే అర్థం. అవతల జమ కాకపోతే అది గంటలోపు తిరిగి వెళ్లిపోవచ్చు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి నిల్వ చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉంటే ఈ గొడవేదీ లేదు. ఇద్దరిదీ ఎస్‌బీఐ అయితే, ఊళ్లు వేరైనా, అది ఆ బ్యాంకు లెడ్జర్‌లో ఒక గీత మార్పు. ‘విదిన్ బ్యాంక్’ అనే చోట చేస్తే వెంటనే పడుతుంది, కనీస మొత్తం పట్టింపు లేదు. పెద్ద బేరాల్లో అమ్మేవాళ్లకు ఏ బ్యాంకుల్లో ఖాతాలున్నాయో ముందే అడగడం అందుకే మంచిది.

తప్పు నంబరు కొడితే

నెఫ్ట్, ఆర్టీజీఎస్, ఐఎంపీఎస్ మూడింట్లోనూ డబ్బు ఖాతా నంబరు చూసే జమ అవుతుంది. మీరు రాసిన పేరును అవతలి బ్యాంకు సరిపోల్చదు. నంబరు ఒక అంకె తప్పి అది ఇంకెవరిదైనా అయితే డబ్బు వాళ్లకే పడుతుంది. ఎవరిదీ కాకపోతే తిరిగొస్తుంది, అదృష్టం. ఈ లోపాన్ని పూడ్చడానికి పంపేముందే ఖాతాదారు పేరు చూపించే సదుపాయాన్ని నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కూడా ఉచితంగా పెట్టాలని ఆర్‌బీఐ బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 గడువిచ్చింది. బెనిఫిషియరీని చేర్చేటప్పుడు ‘వెరిఫై నేమ్’ లాంటి మీట కనిపిస్తే దాటేయకండి. బ్రాంచిలో అడిగినా చూసి చెప్పాలి.

ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు: మొదటి నాలుగు బ్యాంకు, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచి. ఐదో చోట సున్నా బదులు ‘ఓ’ అక్షరం కొట్టడం చాలా తరచుగా జరిగే తప్పు. అదే బ్యాంకులో వేరే బ్రాంచి కోడ్ కొడితే పెద్ద ప్రమాదం లేదు, ఖాతా నంబరు బ్యాంకు మొత్తానికీ ఒకటే కాబట్టి మామూలుగా జమ అయిపోతుంది. పాత కోడ్ కొడితే మాత్రం ఆగిపోతుంది. మన రాష్ట్రాల్లో ఇది ఎక్కువ. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి, ఏడాది తర్వాత దాని పాత కోడ్‌లు చెల్లకుండా పోయాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. వాటిలో ఒకటైన ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలు అదే ఏడాది జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. పాత పాస్‌బుక్ ఫొటో వాట్సాప్‌లో పంపితే దాన్ని చూసి కొట్టకండి. కొత్త కోడ్ అడగండి.

పొరపాటున వేరేవాళ్లకు వెళ్లిపోతే, వెంటనే మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నంబరు తీసుకోండి. యూపీఐ అయితే యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టొచ్చు. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు తమ కస్టమర్‌ను అడుగుతారు. ఆయన ఒప్పుకుంటే డబ్బు వస్తుంది. ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తాను లాక్కుని ఇవ్వదు, పోలీసు, కోర్టు దారే మిగులుతుంది. మోసపోయి మీరే పంపి ఉంటే ఈ తతంగానికి టైము లేదు: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించగలిగేది ఆ మొదటి గంటల్లోనే.

వెళ్లిందో లేదో తెలియనప్పుడు

యూపీఐ, ఐఎంపీఎస్‌లలో ‘పెండింగ్’ అని వస్తే రెండోసారి పంపకండి. ఇది అందరూ చెప్పే మాటే, ఎవరూ వినని మాట కూడా. మొదటిదానికి జవాబు ఆలస్యంగా వచ్చి రెండూ జమ అయితే ఒకదాన్ని తిరిగి తీసుకోవడానికి అవతలి మనిషిని బతిమాలుకోవాలి. తప్పనిసరైతే వేరే బ్యాంకు ఖాతా నుంచి పంపుతూ, మొదటిది పడితే తిరిగివ్వాలని ముందే మాట్లాడుకోండి.

ఖాతాలో తగ్గి అవతల జమ కాకపోతే వెనక్కి వేయడానికి ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. వ్యక్తికి పంపిన యూపీఐకీ, ఐఎంపీఎస్‌కూ లావాదేవీ రోజు తర్వాత ఒక రోజు, దుకాణానికి కట్టిన యూపీఐకి ఐదు రోజులు. దాటితే రోజుకు ₹100 పరిహారం. మెసేజ్‌లో ఉన్న 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు రాసి పెట్టుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం. ‘ఫెయిల్డ్’ అని వచ్చిన స్క్రీన్‌షాట్ పనికొస్తుంది కానీ నంబరు లేకుండా అది బొమ్మే.

బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసిన రుజువు లేకపోతే అక్కడ తీసుకోరు.

కొన్ని ఖాతాల పట్టుదలలు

డబ్బు మంచిదే, దారి మంచిదే, అయినా తిరిగొస్తుంది. అప్పుడు చూడాల్సింది అవతలి ఖాతా ఏ రకమో. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన ‘స్మాల్ అకౌంట్’లో నిల్వ ₹50,000, ఏడాది మొత్తం జమలు ₹1 లక్ష దాటకూడదు. కూలి డబ్బులు కలిపి పంపితే ఇక్కడ తగులుకుంటుంది. పరిష్కారం బ్రాంచికి ఆధార్, ఫొటో పట్టుకెళ్లి కేవైసీ పూర్తి చేయించడమే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లల ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన వేసుకునేది) నుంచి ఇక్కడి అమ్మానాన్నల సేవింగ్స్ ఖాతాకు నెఫ్ట్, ఐఎంపీఎస్, ఆర్టీజీఎస్ ఏదైనా చేయొచ్చు. తిరుగుదారి అలా కాదు. ఇక్కడి రూపాయలు ఎన్‌ఆర్‌ఈలో మామూలుగా వేయడానికి వీల్లేదు, ఇక్కడి రాబడి కోసం ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే పంపాలి. పొలం అమ్మిన డబ్బులో వాటా పంపేటప్పుడు పిల్లవాడు వాట్సాప్‌లో ఇచ్చిన నంబరు ఏ ఖాతాదో ఒకసారి అడగండి. ఉద్యోగానికి వెళ్లి ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కూడా పాత సేవింగ్స్ ఖాతాను అలాగే వాడుతుంటే, దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాల్సిన బాధ్యత వాళ్లది.

పీఎం కిసాన్ లాంటి ఆధార్ ఆధారిత జమలు వీటన్నిటికీ వేరు. అక్కడ ఖాతా నంబరుతో, ఐఎఫ్‌ఎస్‌సీతో పనిలేదు. ఎన్‌పీసీఐ దగ్గర మీ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు అనుసంధానమైందో ఆ బ్యాంకు ఖాతాకే డబ్బు వెళ్తుంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరుస్తూ ఆధార్ సీడింగ్‌కు టిక్ పెట్టేస్తే, పాత ఖాతాలో డబ్బు రావడం ఆగిపోతుంది. చాలామంది రైతులు నెలల తరబడి పాత పాస్‌బుక్ ఎక్కించుకుంటూ తిరిగేది ఇందుకే. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. మార్చుకోవాలంటే కావలసిన బ్రాంచికి వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వాలి.